గోడవైపు తిరిగిన ఫైళ్లు

జూలై 3

లాయరత్తా,

క్షేమంగా చేరాను. బస్సులో పక్క సీటాయన దారంతా నా భుజాన్ని తలగడ చేసుకుని నిద్రపోయాడు. దిగేటప్పుడు మాత్రం "కాస్త కదలకుండా కూర్చోవాలమ్మా, నా మెడ పట్టేసింది" అని నన్నే దులిపేశాడు. ప్రయాణ విశేషాలు ఇంతే.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే నీ షరతు గుర్తుంది కాబట్టి. ఫోన్లో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే గెలుపు, మనింట్లో అందరి గొంతులూ పెద్దవే, అందుకని ముఖ్యమైనవి కాగితం మీదే అడగాలన్నావు. ఇప్పుడు ముఖ్యమైనదే అడగబోతున్నాను.

అంతకంటే ముందు నా గొప్పలు నేనే చెప్పుకుంటాను, నువ్వెలాగూ చెప్పవు. సెలవుల్లో గుమాస్తాగారు కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నారు, నువ్వు పొద్దున్నే కోర్టుకి పోతావు, ఆఫీసంతా నా రాజ్యమే అయింది. వెనక గదిలో ఆ అరలు చూసి నా తల ప్రాణం తోకకొచ్చింది. చాలా ఫైళ్లు పేరున్న అంచు బయటికి, అక్కడక్కడా కొన్ని పేరు గోడవైపుకి. ఎలా పడితే అలా కుక్కేసినట్టున్నాయి. అన్నిటినీ దించి, దుమ్ము దులిపి, పేర్లన్నీ బయటికే వచ్చేలా సర్దాను. తుమ్మి తుమ్మి ముక్కు టమాటా పండైంది. ఆ తర్వాత ఒక్కో ఫైలు తెరిచి మొదటి పేజీలో ఉన్న పేరూ, ఫోన్ నంబరూ, కేసు ఎవరి మీదో, వాయిదా తేదీ, సంతకాలకి రావలసిన తేదీ, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఇకనుంచి ఎవరి తేదీ దగ్గరపడితే వాళ్ల ఫోన్‌కి దానంతటదే మెసేజ్ పోతుంది. గుమాస్తాగారు తిరిగొచ్చాక ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి గొంతు చించుకోనక్కర్లేదు.

ఇక అడగాల్సింది అడుగుతున్నాను. పొద్దున కంప్యూటర్ సైన్సూ మధ్యాహ్నం లా చదివే మా డబుల్ డిగ్రీలో ఒక మెలిక ఉంది. రెండో ఏడాది సగమయ్యే లోపు, అంటే ఈ డిసెంబరుకల్లా, ప్రాక్టీసులో ఉన్న లాయరు ఎవరో ఒకరు మమ్మల్ని సెలవుల్లో అప్రెంటిస్‌గా పెట్టుకుంటామని ఒప్పుకోవాలి. ఎవరూ ఒప్పుకోకపోతే లా అక్కడితో ఆగిపోతుంది, కంప్యూటర్ ఒక్కటే మిగుల్తుంది. నాకు ఒక్కటి చాలదు, రెండూ కావాలి. నువ్వు పెట్టుకో.

గడువుకి ముందే ఒప్పేసుకుంటావని నమ్మకంతో,
పిడుగు


జూలై 20

పిడుగా,

నీ ఉత్తరం కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని చదివాను. నవ్వుతుంటే ఎదుటి పక్షం లాయరు నేనేదో కొత్త సాక్ష్యం పట్టుకొచ్చానని కంగారు పడ్డాడు. దానివల్ల కూడా కాస్త లాభమే జరిగింది.

నీ మెసేజ్‌ల సంగతి. ఒప్పుకోక తప్పదు, బాగుంది. ఇంటి యజమానీ, అద్దెకున్నాయనా ఒకే రోజు వచ్చి నా ముందు గదిలోనే కొట్టుకునేవాళ్లు కదా, ఇప్పుడు వేరువేరు రోజుల్లో వస్తున్నారు. రిటైరైన హెడ్‌మాస్టారు "మీ ఆఫీసు మా అబ్బాయి కంటే నయం, అడక్కుండానే పలకరిస్తోంది" అన్నారు. వెనక గది ఇంతకుముందు ఎలా ఉండేదో నేనెప్పుడూ పట్టించుకోలేదు. అది గుమాస్తాగారి ఇలాకా, నాకు కావలసిన ఫైలు ఆయనే తెచ్చి చేతిలో పెడతారు. దుమ్ములోకి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో ఆయన ఇంకా రావడం లేదు. ఈలోగా నువ్వు అతికించి వెళ్లిన చీటీల్ని బట్టి నేనే తెచ్చుకుంటున్నాను.

మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, రెంటిలో ఒకటి మానెయ్యమని చెప్పు, నువ్వు చెబితే వింటుంది" అన్నాడు. నువ్వు ఎవరు చెప్పినా వినవన్న సంగతి కన్నతండ్రికే తెలియకపోతే నేనేం చేయను. ఆలోచించి చెప్తానన్నాను.

అప్రెంటిస్ మాట కూడా ఆలోచించే చెప్తాను. నీ తెలివి మీద నాకేం అనుమానం లేదు. కుదురు మీదే అనుమానం. మేలో ఒకావిడ వచ్చింది, గుర్తుందా? కారు డ్రైవింగ్ నేర్పే ఆవిడ. నోరు విప్పడానికే ఆమెకి అరగంట పట్టింది. తీరా చెప్పబోతూ కళ్లు తుడుచుకునేసరికి నువ్వు చటుక్కున లేచి మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చావు. మంచి మనసుతోనే ఇచ్చావు. కానీ ఆవిడ చెప్పబోయింది నీళ్లతో పాటు మింగేసింది. మళ్లీ చెప్పించడానికి నాకు ఇంకో రెండు సార్లు కూర్చోవలసి వచ్చింది. మా వృత్తిలో సగం పని ఊరుకోవడమే. అది నీకు వస్తుందో రాదో చూడాలి.

బాగా తిను. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పడుకోకు.

లాయరత్త


ఆగస్టు 18

లాయరత్తా,

కుదురు లేదన్నావని మొన్న కాంట్రాక్టుల క్లాసులో గంటసేపు నోరెత్తకుండా కూర్చున్నాను. చివర్లో మాస్టారు "ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. సాక్షులు కావాలంటే క్లాసంతా ఉన్నారు.

నా రెండు కాపురాల సంగతి చెప్తాను విను. కంప్యూటర్ బిల్డింగుకీ లా బిల్డింగుకీ మధ్య రోడ్డుంది. మధ్యాహ్నం తినడానికిచ్చే టైములో ఆ రోడ్డు దాటడానికే సగం పోతుంది, మిగతా సగంలో నిలబడి ఏదో మింగుతాను. రోడ్డుకి ఇటువైపు అందరూ నన్ను ప్లీడరమ్మ అంటారు. అటువైపు వాళ్లకి ప్రొజెక్టరు పనిచేయనప్పుడు మాత్రమే గుర్తొస్తాను. ఎవరికి వాళ్లు నేను అవతలివాళ్ల పిల్లననే అనుకుంటున్నారు. నాకు మాత్రం భలే మజాగా ఉంది అత్తా. పొద్దున పాఠంలో కంప్యూటరుకి ఒక్క మెట్టు చెప్పడం మర్చిపోయినా అది అక్కడే చతికిలపడుతుంది. మధ్యాహ్నం పాఠంలో, చెప్పకుండా వదిలేసినవాటి మీదే మనుషులు ఏళ్ల తరబడి కొట్టుకుంటారు. ఈ రెండూ ఒకే బుర్రలో పడితే ఎంత బాగుంటుందో నాకు కనిపిస్తోంది, ఇంకెవరికీ ఎందుకు కనిపించదో తెలియదు. నాన్న రెండు పడవల మాట ఎత్తినప్పుడల్లా, కాళ్లు కూడా రెండున్నాయి కదా, సరిపోతాయిలే అంటున్నాను.

నీకో శుభవార్త కూడా ఉంది. మెసేజ్ వచ్చినవాళ్లు కొంతమంది "ఏ కేసుకండీ?" అని తిరిగి అడుగుతున్నారని మొన్న ఫోన్లో అన్నావు కదా. నిన్న ఇక్కడినుంచే మీ ఆఫీసు కంప్యూటర్లోకి వెళ్లి సరిచేశాను. ఇప్పుడు మెసేజ్‌లోనే ఎవరి మీద కేసు, ఎందుకు రావాలి, అన్నీ వివరంగా ఉంటాయి. ఇక ఎవరూ తిరిగి అడగరు. నువ్వు సరిచేయమని అడక్కముందే చేశాను చూడు, అప్రెంటిస్ అంటే ఇలా ఉండాలి.

నాన్న మాట విని ఒకటి మానెయ్యమని మాత్రం రాయకు. రాసినా వినను. కానీ నువ్వు రాస్తే బాధేస్తుంది.

జవాబు కోసం గేటు దగ్గర వాచ్‌మన్‌ని రోజూ విసిగిస్తున్న,
పిడుగు


సెప్టెంబరు 9

అమ్మాయీ,

నీ ప్రోగ్రాం ఆపేశాను. మళ్లీ పెట్టొద్దు. ఇక్కడి కంప్యూటరులోకి అక్కడినుంచి రావద్దు.

కారణం నీ పరీక్షలయ్యాక చెప్తాను. అప్రెంటిస్ సంగతి ఇప్పుడు ఎత్తకు. ఊపిరి తీసుకునే తీరిక లేదు. చదువు మీద దృష్టి పెట్టు.

అత్త


సెప్టెంబరు 16

అత్తా,

నీ ఉత్తరం ఇప్పటికి పదిసార్లు చదివాను. ఇంత చిన్న ఉత్తరాన్ని పదిసార్లు చదవడం ఏమంత కష్టం కాదు.

"అమ్మాయీ" అని రాశావు. నన్ను అలా ఎవరు పిలుస్తారో తెలుసా, బ్యాంకులో టోకెన్ ఇచ్చేవాళ్లు. పోనీ, నేనేమైనా పాడుచేస్తే పాడుచేశావని చెప్పు. కారణం చెప్పకుండా తలుపు వేసేసి, చదువుకోమని నీతులు చెప్పడం ఎందుకు? కోర్టులో జడ్జి కూడా కారణం రాయకుండా తీర్పు ఇవ్వడానికి వీల్లేదని మాకు మొదటి నెలలోనే చెప్పారు.

కారణం నాకు తెలుసులే. గుమాస్తాగారు తిరిగి వచ్చుంటారు. కంప్యూటరొచ్చి తన పని లాక్కుందని మొహం మాడ్చుకుని ఉంటారు. నువ్వు ఆయన మొహం చూడలేక నా ప్రోగ్రాం పీకేసి ఉంటావు. దాంతో పాటు నాన్న మాట కూడా నెగ్గించినట్టవుతుంది. ఒక్క దెబ్బకి రెండు పనులు. ముందే అనుకున్నారా ఇద్దరూ?

మొన్న క్లాసులో "పాత ఆఫీసులు కొత్త యంత్రాలను ఎందుకు తిప్పికొడతాయి" అన్న అంశం మీద అందరి ముందు మాట్లాడాను. పేరు చెప్పలేదు కానీ ఉదాహరణ మీ ఆఫీసే. అందరూ పగలబడి నవ్వారు. చెప్పాలనిపించింది, చెప్తున్నాను.

నువ్వు పెట్టుకోకపోతే లా మానేస్తానని అనుకోకు. ఇక్కడ పదంతస్తుల గాజు మేడలో ఒక పెద్ద లాయర్ల కంపెనీ ఉంది. వచ్చే నెల వచ్చి కనబడమన్నారు. వెళ్తాను. నాకు రెండు డిగ్రీలూ వస్తాయి, నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

నీ మేనకోడలు


అక్టోబరు 6

పిడుగా,

కూర్చుని చదువు. నిలబడి చదివే ఉత్తరం కాదిది.

కారణం రాయని తీర్పు చెల్లదన్నావు. నిజమే. ఆ రోజు రాయలేని స్థితిలో ఉన్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

వెనక గదిలో కొన్ని ఫైళ్లు పేరు గోడవైపుకి తిరిగి ఉన్నాయని రాశావు. ఎలా పడితే అలా కుక్కినవి కావవి. నేనూ, గుమాస్తాగారూ నల్లజుట్టుతో ఉన్నప్పటినుంచీ మా ఆఫీసులో ఒక పద్ధతుంది. కొంతమంది క్లయింట్లకి మనం ఫోన్ చేయకూడదు, ఉత్తరం రాయకూడదు, రోడ్డు మీద ఎదురైతే పలకరించకూడదు. వాళ్లంతట వాళ్లు వచ్చినప్పుడే మాట్లాడాలి. అలాంటివాళ్ల ఫైలు పేరు గోడకి తిప్పి పెడతాం. ఇది ఎక్కడా రాసి లేదు. గుమాస్తాగారికి తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి చెప్పవలసిన సంగతని మా ఇద్దరికీ ఎప్పుడూ తట్టలేదు.

నువ్వు అన్నిటినీ ఒకే వైపుకి తిప్పావు.

నువ్వు నీళ్లిచ్చిన డ్రైవింగ్ టీచరు ఫైలు గోడకి తిప్పిందే. భర్త మీద కేసు వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. వేసే ముందు కూతుర్ని తీసుకుని అక్కగారింటికి చేరిపోవాలని ఆవిడ ప్లాను. పాపకి ఏడేళ్లు. అంతవరకూ ఆయన చెవిన పడకూడదు. సంతకాలకి ఒక సోమవారం రమ్మన్నాం. ముందు రోజు సాయంత్రం ఆవిడ ఫోన్ హాల్లో ఛార్జింగులో ఉంది, ఆవిడ స్నానానికి వెళ్లింది. మెసేజ్ వచ్చింది. "మీ భర్తపై వేయబోయే కేసు కాగితాల మీద సంతకానికి రేపు ఆఫీసుకి రండి." ఆయన చదివాడు.

ఆవిడ బయటికొచ్చేసరికి మనిషీ లేడు, పాపా లేదు. ఎక్కడ దాచాడో తెలియదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ, తన దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్న ఒకమ్మాయి నడుపుతుంటే, కారులో మన ఆఫీసుకొచ్చింది. తను నడిపే స్థితిలో లేదు. అదే రోజు గుమాస్తాగారు నల్లకళ్లద్దాలతో మొదటిసారి ఆఫీసుకి వచ్చారు. ఆవిడ మాట వినగానే వెనక గదిలోకి వెళ్లారు. ఎంతసేపటికీ బయటికి రాకపోతే నేనే వెళ్లాను. అరల ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. "అమ్మా, అన్నీ మనవైపే చూస్తున్నాయి" అన్నారు. నీ మీద ఒక్క మాట అనలేదాయన. ఆ కళ్లతోనే ఆ రోజంతా కూర్చుని ఒక్కో ఫైలూ గుర్తు చేసుకుని మళ్లీ తిప్పి పెట్టారు. మిగతావాళ్లకి మెసేజ్ వెళ్లకముందే ఆపగలిగాం. ఆయన మొహం మాడ్చుకున్నారని రాశావు కదా, అందుకని ఇది చెప్తున్నాను.

కోర్టు చుట్టూ తిరిగాను. కోర్టు ఉత్తర్వు పట్టుకుని పోలీసులు వెతికితే, నిన్న సాయంత్రం పాప వాళ్లమ్మ దగ్గరికి చేరింది. ఇద్దరూ అక్కగారింట్లో క్షేమంగా ఉన్నారు. పాప ఇంటికొచ్చాకే నీకు రాద్దామని ఆగాను. ముందే రాస్తే పరీక్షలు మానేసి పరుగెత్తుకొస్తావు, వచ్చి మళ్లీ గ్లాసుతో నీళ్లిస్తావు.

ఆవిడకి పొరపాటు మా ఆఫీసుదని చెప్పాను. నీ పేరు చెప్పలేదు. గుమ్మం మీద బోర్డుపై ఎవరి పేరుంటే వాళ్లే జవాబుదారు. నువ్వు చేసిందేదీ నా దగ్గర దాచలేదు. ఫైళ్లన్నీ ఒకవైపుకి తిప్పిన సంగతి జూలైలోనే రాశావు, నవ్వుకుంటూ చదివి వదిలేశాను. మెసేజ్‌లో అన్ని వివరాలూ ఉంటాయని నువ్వు రాసిన ముక్క చదివి, బాగుందనుకుని ఉత్తరం మడిచి పెట్టింది నేను. నీకు ఆ పద్ధతి తెలియదు, నాకు తెలుసు. అయినా ఆ ముక్కలు చదివినప్పుడు నా గుండె గుభేలుమనలేదు. అందుకని నిన్నొక్కదాన్నీ అనడానికి నాకు నోరు రావడం లేదు.

మీ నాన్నకి ఈ సంగతేదీ తెలియదు. ఒకటి మానెయ్యమని నీకు చెప్పమన్నాడే, ఆ పని నేను చేయనని ఆ తర్వాత వారమే చెప్పేశాను. నీకు రాయడం మర్చిపోయాను.

గాజు మేడకి వెళ్లాలనుకుంటే వెళ్లు. నాకు కోపం లేదు. వాళ్ల కంప్యూటర్లు మంచివే అయ్యుంటాయి.

లాయరత్త


అక్టోబరు 19

లాయరత్తా,

కూర్చునే చదివాను.

ఏడ్చాను. లైబ్రరీలో, పుస్తకాల మధ్య, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. పాప ఎక్కడుందో తెలియకుండా ఆవిడ గడిపిన రోజుల్లోనే నేను క్లాసులో నిలబడి మీ ఆఫీసు మీద జోకులు వేశాను. అది తలుచుకుంటే ఒళ్లంతా సిగ్గుతో మండుతోంది. గుమాస్తాగారికి నా తరఫున క్షమాపణ చెప్పకు. ఆయనకి నేనే ఎదురుగా నిలబడి చెప్తాను.

మొదట లా మానేద్దామనుకున్నాను. ఒక రోజంతా అనుకున్నాను. నాలాంటిది మనుషుల మధ్యకి రాకుండా, ఎవరి గొడవా లేకుండా, ఒక మూల కూర్చుని ప్రోగ్రాములు రాసుకుంటే ఎవరికీ హాని ఉండదు కదా అని. మర్నాడు పొద్దున కంప్యూటర్ క్లాసులో కూర్చుంటే బుర్రకి తట్టింది. అత్తా, నేను మీ ఆఫీసులో చేసింది అచ్చంగా అదే. మూల కూర్చుని, ఎవర్నీ అడక్కుండా, రాశాను. ఈ క్లాసులో ఉన్న అందరూ రేపు ఏదో ఒక ఆఫీసుకి, ఆసుపత్రికి, బడికి ప్రోగ్రాములు రాస్తారు. ఏ ఫైలు ఎందుకు తిరిగి ఉందో వాళ్లెవరూ అడగరు. రోడ్డుకి అటువైపున్నవాళ్లకి ఆ పద్ధతి అర్థమవుతుంది, కానీ ప్రోగ్రాం లోపల ఏం జరుగుతుందో వాళ్లు చూడరు. రెండూ చూడవలసినవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి. అందుకని మానను. ఇంతకుముందు రెండూ చదవాలన్నది నా సరదా. ఇప్పుడు తప్పదని చదువుతాను.

క్లాసులో మళ్లీ మాట్లాడే అవకాశం అడిగి తీసుకున్నాను. పేర్లూ ఊళ్లూ ఏమీ చెప్పకుండా, ఆ రోజు మీరు నవ్విన కథకి మిగతా సగం ఇదీ అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. కంప్యూటర్ మాస్టారు "ఆ వివరం నీకు ఎవరూ ఇవ్వలేదు, నీ తప్పేముంది?" అన్నారు. వెనక బెంచీలో వినడానికొచ్చిన లా మేడమ్ "ఇవ్వకపోతే అడగాలిగా" అన్నారు. గంట కొట్టేదాకా ఇద్దరూ వాదించుకున్నారు. రోడ్డుకి అటూ ఇటూ ఉండేవాళ్లు ఒకే గదిలో వాదించుకోవడం నేను చూడటం అదే మొదలు.

గాజు మేడకి కూడా వెళ్లాను. వెళ్తానని మాటిచ్చాను కాబట్టి వెళ్లాను. చల్లటి గది, మెత్తటి కుర్చీ, నా రెండు చదువులూ చూసి తెగ మెచ్చుకున్నారు. చివర్లో మీరేమైనా అడుగుతారా అన్నారు. "మీ దగ్గర ఫోన్ చేయకూడని క్లయింటు ఎవరైనా ఉంటే, ఆ సంగతి మీ సిస్టమ్‌కి ఎలా తెలుస్తుంది?" అన్నాను. "అంతా ఆటోమేటిక్ అమ్మా" అన్నారు. అయినా చోటిస్తామన్నారు. వద్దని వచ్చేశాను. ఇక డిసెంబరుకి నా చేతిలో ఎవరూ లేరు. నిన్ను బెదిరించడానికి రాయడం లేదు, ఉన్న మాట చెప్తున్నాను.

కొత్త ప్రోగ్రాం ఒక్క లైను కూడా రాయలేదు. నేను అనుకుంటున్నది మాత్రం చెప్తాను. మొదటి రోజే ప్రతి మనిషినీ "మీతో ఎలా మాట్లాడమంటారు?" అని అడగాలి. వాళ్లు నోటితో చెప్పేదాకా ఎవరికీ ఏదీ వెళ్లకూడదు. ఏమీ చెప్పనివాళ్లందరి ఫైళ్లూ గోడవైపు తిరిగి ఉన్నట్టే లెక్క. నేను సరిగ్గా దీన్ని తిరగేసి చేశాను అత్తా, చెప్పనివాళ్లందరికీ పంపించేశాను.

ఇంకొకటి. ఆవిడకి నా పేరు చెప్పు. ఆవిడ ఒప్పుకుంటే వచ్చి కలుస్తాను. వద్దంటే రాను. ఈసారి నీళ్లు ఇవ్వను, ఆవిడ ఏమంటే అది పూర్తిగా వింటాను.

నువ్వు ఏం నిర్ణయించినా నీ,
పిడుగు


నవంబరు 11

పిడుగా,

నీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. ముందు అడిగాను, వినిపించమంది. పాప గుమాస్తాగారి నల్లకళ్లద్దాలు పెట్టుకుని ముందు గదిలో ఆడుకుంటోంది.

అంతా విని ఆవిడ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడత పెట్టింది. అప్పుడు అడిగింది.

"ఆ అమ్మాయికి బండి నడపడం వచ్చునాండీ?"

"రాదు."

"నా దగ్గర నేర్చుకునేవాళ్లు ఏదో ఒక రోజు ఏదో ఒకటి గుద్దేస్తారు. గోడో, గేటో. కొంతమంది బండిలోనే కూర్చుని నాకేం తెలుసు, మీరు చెప్పలేదు కదా అంటారు. వాళ్లకి నేను ఇంకో పాఠం చెప్పను, డబ్బు వెనక్కిచ్చి పంపేస్తాను. దిగి, దేన్ని గుద్దామో చూసేవాళ్లకే మళ్లీ స్టీరింగ్ ఇస్తాను. ఈ పిల్ల దిగింది."

నేను పొంగిపోయేలోపే ఇంకో మాట కూడా అంది. "అలాగని నా కోపం పోలేదండీ. పాప రాత్రుళ్లు ఇప్పటికీ లేచి నేనున్నానో లేదో చూసుకుంటోంది. నన్ను కలుస్తానంటే రమ్మనండి. తిడతాను. తిట్టనివ్వాలి." తిట్టనిస్తుందని నీ తరఫున హామీ ఇచ్చాను.

నీ కొత్త ప్రశ్న కూడా మొదట ఆవిడనే అడిగాం. మీతో ఎలా మాట్లాడమంటారు అని. కాసేపు ఆలోచించి, డ్రైవింగ్ స్కూలుకి ఫోన్ చేసి క్లాసు కావాలని అడగమంది. ఆ ఫోన్ ఆవిడ తప్ప ఎవరూ ఎత్తరట, అలా అడిగితే అది మన కబురని తెలుసుకుంటుందట. ఆ పని గుమాస్తాగారికి అప్పగించాను. నిన్న ఆయన గొంతు సవరించుకుని "నాకు కారు నేర్పుతారా అమ్మా?" అని అడుగుతుంటే వెనక గదిలో నేను నోరు నొక్కుకుని నవ్వాను. చిక్కేమిటంటే ఆయనకి ఇప్పుడు నిజంగానే నేర్చుకోవాలని పుట్టింది. డాక్టరు ఏమంటాడో చూడాలి.

మిగతా క్లయింట్లని కూడా వరసగా అడుగుతున్నాం. ఇన్నేళ్లూ ఎవరి ఫైలు ఎటు తిప్పాలో మేమే అనుకుని తిప్పేవాళ్లం. అడిగి చూస్తే మేము బయటికి పెట్టినవాళ్లలో కూడా కొంతమంది "ఇంటికి ఫోన్ చేయకండి" అన్నారు. రిటైరైన హెడ్‌మాస్టారు మాత్రం మెసేజ్‌లు మళ్లీ ఎప్పుడు మొదలెడతారని గోల పెడుతున్నారు. ఆయన కోసమైనా నువ్వు ఆ ప్రోగ్రాం మళ్లీ రాయాలి. ఇక్కడ కూర్చుని, గుమాస్తాగారి పక్కన కూర్చుని రాయాలి.

మీ నాన్నకి నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. "నీ కూతురు రెండూ చదువుతుంది, నువ్వు పడవల మాట మానెయ్" అన్నాను. నా గొంతు పెద్దదే కాబట్టి నేనే గెలిచాను.

మీ కాలేజీకి ఇవ్వవలసిన కాగితం మీద సంతకం పెట్టి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. సెలవులు మొదలైన మర్నాడే వచ్చేయి. వచ్చాక మొదటి వారం కంప్యూటరు ముట్టుకోవడానికి వీల్లేదు. ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్లు చెప్పేది వింటావు, అంతే. ఊరుకోవడం ఎంత కష్టమైన పనో అప్పుడు తెలుస్తుంది.

మా దగ్గర ఎవరు చేరినా వాళ్ల పేరున ఒక ఫైలు తెరుస్తాం. పొద్దున నీది తెరిచాం. గుమాస్తాగారు అంచు మీద నీ పేరు రాసి, అర ముందు నిలబడి, "ఎటు తిప్పి పెట్టమంటారమ్మా?" అని అడిగారు.

పేరు బయటికే పెట్టమన్నాను.

నీ లాయరత్త